పార్కే నేల

పార్కే అనగా చిన్న చిన్న చెక్క ముక్కలను రేఖాగణిత ఆకృతులు ఏర్పడేటట్లు పేర్చి, కింది గచ్చుకు జిగురుతో అతికించి గాని, మేకులతో బిగించి గాని తయారుచేసే నేల. పొడవాటి బల్లలను వరుసగా పరచిన మామూలు చెక్క నేలకు, దీనికి గల తేడా ఈ ముక్కల అమరికలోనే ఉంది. అయితే నేటి వ్యాపార భాషలో, ముఖ్యంగా ఐరోపాలో, నిజమైన చెక్క పైపొర గల నేలలు అన్నిటినీ పార్కే అనే పిలుస్తున్నారు. ఐరోపా ప్రమాణాల ప్రకారం ఈ పేరుకు అర్హత పొందాలంటే, పరచడానికి ముందు చెక్క పైపొర కనీసం 2.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి.

ఇంటిలో పార్కే వేయించుకోదలచినవారు సాధారణంగా మొదట రంగును, నమూనాను, ధరను చూస్తారు. కాని ఈ నేల ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది ఎక్కువగా తేమ మీద ఆధారపడి ఉంటుంది. కింది గచ్చులోని తేమ, గదిలోని గాలిలోని తేమ, చెక్కలోని తేమ ఈ మూడింటికీ పొత్తు కుదరనప్పుడు ఎంత ఖరీదైన చెక్క అయినా వంగుతుంది, విచ్చుకుంటుంది, ఒక్కొక్కసారి గచ్చు నుండి పైకి లేస్తుంది.

పేరు

పార్కే అనేది ఫ్రెంచి పదం. ఆవరణ అనే అర్థం గల 'పార్క్' అనే మాటకు ఇది అల్పార్థకం, అనగా 'చిన్న ఆవరణ' అని భావం. ఫ్రాన్సులో ఇదే పదాన్ని ప్రభుత్వ న్యాయవాదుల విభాగానికి కూడా వాడుతారు. ఆంగ్లేయులు ఫ్రెంచి వారి వలెనే చివరి అక్షరాన్ని మింగి 'పార్కే' అనగా, మన దేశపు బజారులో 'పార్కెట్', 'పార్కే' అనే రెండు ఉచ్చారణలూ వినిపిస్తాయి.

చరిత్ర

పార్కే ప్రసిద్ధికి రావడానికి కారణం కూడా నీరే కావడం విశేషం. ఫ్రాన్సులో 14వ లూయీ కాలంలో వెర్సాయ్ రాజభవనంలోని కొన్ని గదులకు పాలరాతి నేల ఉండేది. రాతిని తరచుగా కడుగవలసి వచ్చేది. ఆ నీరు సందులలో నుండి కిందికి దిగి, నేలను మోస్తున్న చెక్క దూలాలను కుళ్ళబెట్టేది. అందుచేత 1684లో పాలరాతి స్థానంలో వడ్రంగి పనితో చేసిన చెక్క నేలను ప్రవేశపెట్టారు. చతురస్రాకారపు చట్రంలో ఓక్ చెక్క ముక్కలను ఏటవాలుగా, ఒకదాని కింద నుండి ఒకటి దూరి పోతున్నట్లు కనిపించే విధంగా కుసులు, బెజ్జాలతో బిగించిన ఈ పలకలకు 'వెర్సాయ్ పార్కే' అని పేరు వచ్చింది. 1693లో స్వీడన్‌కు చెందిన డానియెల్ క్రోన్‌స్ట్రోమ్ వెర్సాయ్‌లోను, గ్రాండ్ ట్రియనోన్‌లోను ఇటువంటి నేలలను చూసి నమోదు చేశాడు.

అక్కడి నుండి ఈ పద్ధతి ఐరోపాలోని ఇతర రాజభవనాలకు పాకింది. రష్యాలో వేర్వేరు రంగుల చెక్కలతో పూలు, లతలు పొదిగిన నేలలు తయారైనాయి. రష్యా, జర్మనీలలోని కొన్ని భవనాలలో నేల గీసుకుపోకుండా సందర్శకుల బూట్లపై ఫెల్టు తొడుగులు తొడిగించే ఆచారం ఉంది. యంత్రపు రంపాలు వచ్చి ఒకే కొలత గల ముక్కలు చౌకగా తయారు కావడంతో 19వ శతాబ్దంలో పార్కే మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది. ప్యారిస్‌లోని ఆ కాలపు అపార్టుమెంట్లలో చేపముల్లు నమూనా నేడు కూడా సర్వసాధారణం.

20వ శతాబ్దంలో రెండు మార్పులు వచ్చాయి. 1941లో స్వీడన్‌కు చెందిన గుస్టాఫ్ కేర్ పలు పొరల పార్కేకు పేటెంటు పొందాడు. పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికించడం వలన చెక్క ఉబ్బడం, కుంచించుకుపోవడం బాగా తగ్గింది. రెండవది, జిగురు అవసరం లేకుండా ఒకదానిలో ఒకటి నొక్కి బిగించే అంచులు. ఇవి 1990 దశకం చివరలో బజారులోకి వచ్చాయి.

క్రీడాభిమానులకు పార్కే అనగానే అమెరికాలోని బోస్టన్ సెల్టిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు మైదానం గుర్తుకు వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కలపకు కరువు ఏర్పడినందున 1946లో దానిని పొట్టి ఓక్ ముక్కలతో చేశారు. ముక్కలను అడ్డంగా, నిలువుగా మార్చి మార్చి పేర్చిన చదరపు పలకలు అవి. పొదుపు కోసం చేసిన పని జట్టుకు గుర్తుగా మారిపోయింది.

చెక్క, తేమ

నరికిన తరువాత కూడా చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతం ఉన్నచోట చాలా కాలం ఉంచిన చెక్కలో సుమారు 6 శాతం తేమ ఉంటుంది. 50 శాతం ఆర్ద్రతలో సుమారు 9 శాతం, 80 శాతం ఆర్ద్రతలో సుమారు 16 శాతం ఉంటుంది. దీనిని సమతుల్య తేమ అంటారు. తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. సుమారు 28 నుండి 30 శాతం తేమ దాటిన తరువాత మాత్రం ఎంత నీరు చేరినా పరిమాణం ఇక పెరుగదు.

ఈ మార్పు అన్ని దిశలలో ఒకే విధంగా ఉండదు. పొడవు దిశలో దాదాపు శూన్యం. వార్షిక వలయాలకు అడ్డంగా, అనగా మాను నడిమి నుండి బయటికి పోయే దిశలో, కొంత ఉంటుంది. వలయాల వెంబడి అన్నిటికంటే ఎక్కువ, చాలా జాతులలో రెండు రెట్ల వరకు ఉంటుంది. అందువలన దుంగను ఏ విధంగా కోశారన్నది ముఖ్యం. వలయాలు బల్ల వెడల్పు వెంబడి పరచుకొని ఉండే మామూలు కోత బల్ల ఎక్కువ కదులుతుంది. వలయాలు నిట్టనిలువుగా ఉండే క్వార్టర్ కోత బల్ల తక్కువ కదులుతుంది. దీనిలో వ్యర్థం ఎక్కువ కనుక ధర కూడా ఎక్కువే.

విద్యార్థులకు ఒక లెక్క ఉపయోగపడగలదు. తెల్ల ఓక్ మామూలు కోత బల్ల, తేమ ఒక శాతం మారినప్పుడు వెడల్పులో 0.00365 వంతు మారుతుంది. 100 మిల్లీమీటర్ల వెడల్పు గల బల్లలో తేమ 4 శాతం పెరిగితే 100 × 0.00365 × 4, అనగా సుమారు 1.5 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. ఇది చాలా స్వల్పంగా కనిపిస్తుంది. కాని 4 మీటర్ల గదిలో అటువంటి బల్లలు 40 ఉంటాయి. లెక్క ప్రకారం మొత్తం పెరుగుదల 58 మిల్లీమీటర్లు. మేకులు, జిగురు కొంత అడ్డుకుంటాయి, బల్లలు ఒకదానినొకటి నొక్కుకొని కొంత అణగుతాయి, కనుక నిజంగా అంత పెరుగుదల ఉండదు. అయినా ఆ బలం ఎక్కడికీ పోదు. గోడల వద్ద ఖాళీ లేకపోతే నేల మధ్యలో గుడారం వలె లేస్తుంది. ఇదే కొలత గల టేకు బల్ల అదే 4 శాతానికి 0.75 మిల్లీమీటర్లు మాత్రమే ఉబ్బుతుంది. ఓడల పైభాగాలకు టేకును వాడడానికి గల కారణాలలో ఇది ఒకటి.

తేమ కింది వైపు నుండి వచ్చినప్పుడు బల్ల అడుగు భాగం ఉబ్బి, అంచులు పైకి లేచి, బల్ల విస్తరి దొప్ప వలె వంగుతుంది. ఇది చూసి కంగారుపడి వెంటనే పైభాగాన్ని గరుకు యంత్రంతో చదును చేయించడం చాలామంది చేసే పొరపాటు. అంచులు అరిగిపోయిన తరువాత కింది తేమ ఆరితే, ఈసారి బల్లల మధ్యభాగం ఎత్తుగా మిగిలి నేల మరింత అసహ్యంగా తయారవుతుంది. ముందు తేమ వచ్చే దారిని మూసి, నేల పూర్తిగా ఆరిన తరువాతనే, మిగిలిన వంపును బట్టి చదును చేయించాలి. కొన్ని నేలలు ఆరిన తరువాత వాటంతట అవే సర్దుకుంటాయి.

రకాలు, నమూనాలు

ఘన పార్కేలో ముక్క మొత్తం ఒకే చెక్క. దీని ఒక అంచున గాడి, వేరొక అంచున ఆ గాడిలో ఇమిడే నాలుక ఉంటాయి. పొరల పార్కేలో పైన మంచి చెక్క, దాని కింద చౌక చెక్క లేదా ప్లైవుడ్ ఉంటాయి. మొజాయిక్ పార్కేలో వేలి వంటి సన్నని ముక్కలను చిన్న చదరాలుగా కూర్చి, పక్కపక్క చదరాలను ఒకదానికొకటి అడ్డంగా తిప్పి, తడిక అల్లిక వలె పేరుస్తారు. ఈ అల్లికకు అందం కాక మరొక ప్రయోజనం కూడా ఉంది. చెక్క పొడవు దిశలో పెరుగదు కనుక, మార్చి మార్చి పెట్టినప్పుడు ఉబ్బు ఒకే దిక్కున పోగుపడకుండా రెండు దిక్కులకు పంచబడుతుంది. చేపముల్లు నమూనాకు కూడా ఈ గుణం కొంత కలదు.

చేపముల్లు, హంగేరీ కుట్టు అనే రెండు నమూనాలను చాలామంది ఒకటిగా భావిస్తారు. చేపముల్లులో ముక్కలు సాధారణ దీర్ఘచతురస్రాలు. ఒక ముక్క చివర మరొక ముక్క పక్కకు లంబంగా తగులుతుంది. హంగేరీ కుట్టులో ముక్కల చివరలను ఏటవాలుగా కోసి, కొస కొసకు ఎదురుగా కలుపుతారు. అందువలన నడుమ తిన్నని గీత ఏర్పడి, బాణపు మొనలు వరుసగా పేర్చినట్లు కనిపిస్తుంది. కోత కచ్చితంగా లేకపోతే ఆ గీత వంకర ఇట్టే బయటపడుతుంది కనుక ఇది నేర్పరుల పని.

పైన చెక్క ఫోటో ముద్రించిన కాగితం, కింద చెక్కపొడి పలక గల లామినేట్ పార్కే కాదు. గీతలకు అది బాగానే ఓర్చుకుంటుంది, కాని ఒకసారి అరిగితే మళ్ళీ చిత్రిక పట్టడానికి అందులో చెక్క లేదు.

ఎంపిక

చెక్క గట్టిదనాన్ని యాంకా పరీక్షతో కొలుస్తారు. 11.28 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు గుండును సగం వరకు చెక్కలోకి దింపడానికి కావలసిన బలమే ఆ అంకె. తెల్ల ఓక్‌కు సుమారు 1360 పౌండ్లు, గట్టి మేపుల్‌కు 1450 పౌండ్లు. టేకు ఈ రెండింటికంటే మెత్తనిది. అంకె పెద్దదైతే చెక్క మేలైనదని అమ్మకందారులు చెబుతారు. కాని గట్టిదనం వేరు, నిలకడ వేరు. మెత్తనిదైన టేకు తేమకు తక్కువ కదులుతుంది. గట్టిదైన బీచ్ చాలా ఎక్కువ కదులుతుంది. గట్టి చెక్కకు సొట్టలు తక్కువ పడతాయి, అంతే.

పొరల పార్కే కొనేటప్పుడు మొత్తం మందం కంటే పైపొర మందం అడిగి తెలుసుకోవడం మంచిది. చదును చేసిన ప్రతిసారి అర మిల్లీమీటరు గాని, అంతకంటే ఎక్కువ గాని పోతుంది. 3 మిల్లీమీటర్ల పైపొరను ఒకటి రెండుసార్లకు మించి చదును చేయడానికి వీలుండదు. 22 మిల్లీమీటర్ల ఘన పార్కేలో నాలుకకు పైన ఉన్న భాగం మాత్రమే లెక్కకు వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. పొరలను అతికించిన జిగురు నుండి వెలువడే ఫార్మాల్డిహైడ్ విషయంలో ఐరోపాలో ఇ1 అనే తరగతి ఉంది. మూసి ఉన్న పడకగదులకు దీనిని చూసి కొనడం అవసరం.

కావలసిన సరకు లెక్క వేసేటప్పుడు గది వైశాల్యానికి కోతల వ్యర్థం కలపాలి. తిన్నని వరుసలకు 5 నుండి 10 శాతం, చేపముల్లుకు 10 నుండి 15 శాతం సరిపోతుంది. పని ముగిసిన తరువాత కొన్ని ముక్కలు దాచి ఉంచితే మరమ్మతులకు పనికివస్తాయి. తరువాత అదే రంగు దొరకడం కష్టం.

కింది గచ్చును సిద్ధం చేయడం

కొత్త కాంక్రీటు పైకి పొడిగా కనిపించినా లోపల నెలల తరబడి తేమ ఉంటుంది. అంగుళం మందానికి సుమారు ఒక నెల అనేది ముతక లెక్క మాత్రమే. ఐరోపాలో గచ్చు నుండి తవ్విన పొడిని కాల్షియం కార్బైడుతో కలిపి, వెలువడే వాయువు పీడనాన్ని బట్టి తేమను కొలుస్తారు. సిమెంటు గచ్చులో ఇది 2 శాతం లోపు ఉన్నప్పుడే చెక్క పరుస్తారు. నేల కింద వేడి గొట్టాలు ఉన్నచోట హద్దు ఇంకా తక్కువ. అమెరికాలో గచ్చులో రంధ్రం చేసి, లోపలి ఆర్ద్రతను కొలిచే పద్ధతి వాడుకలో ఉంది.

ఇంటివారు స్వయంగా చేయగల సులభమైన పరీక్ష ఒకటి కలదు. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని గచ్చు మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి, కనీసం 16 గంటలు వదలాలి. కాగితం అడుగున నీటి బిందువులు పట్టినా, గచ్చు రంగు ముదిరినా తేమ ఉన్నట్లే. ఏమీ కనిపించకపోతే మాత్రం గచ్చు పొడిగా ఉందని తేల్చడానికి వీలులేదు. ఈ పరీక్ష 'వద్దు' అని చెప్పగలదే గాని 'సరే' అని చెప్పలేదు.

గచ్చు మట్టంగా కూడా ఉండాలి. పొడవైన తిన్నని చట్టాన్ని నేల మీద ఆనించి కింద వెలుతురు చూస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. జిగురుతో అతికించే నేలకు 3 మీటర్ల దూరంలో 5 మిల్లీమీటర్లకు మించిన తేడా ఉండకూడదు. రసమట్టంతో కొలిస్తే వాలు తెలుస్తుంది. వాలు కొంత ఉన్నా పార్కేకు నష్టం లేదు, గుంటలు ఉంటేనే నష్టం.

పరచడం

చెక్కను పని జరిగే గదిలోనే కొన్ని రోజులు ఉంచాలని అందరూ చెబుతారు. ఎన్ని రోజులు అనే ప్రశ్న కంటే చెక్క ఆ గది తేమకు వచ్చిందా అనే ప్రశ్న ముఖ్యం. సూదుల మీటరుతో చూస్తే తెలుస్తుంది. ప్లాస్టరు, రంగుల పని పూర్తికాని ఇంటిలో చెక్కను ఉంచితే అది ఆరడానికి బదులు నీరు తాగుతుంది. కనుక నేల పని చివర చేయాలి. చెక్క అడుగు నేల మీద మేకులతో కొట్టేటప్పుడు, సన్నని బల్లలకు, అడుగు చెక్కకు మధ్య తేమ తేడా 4 శాతం లోపు, 75 మిల్లీమీటర్లు అంతకు మించిన వెడల్పు బల్లలకు 2 శాతం లోపు ఉండాలన్నది అమెరికా వృత్తి సంఘాల నియమం.

గోడలు చాలా అరుదుగా తిన్నగా ఉంటాయి కనుక గోడను నమ్మి మొదటి వరుస వేయరాదు. గది మధ్య రంగు పట్టించిన దారం లాగి గీత కొట్టి, దానికి లంబంగా మరొక గీత కొడతారు. లంబాన్ని సరిచూడడానికి 3, 4, 5 కొలతల త్రిభుజం చాలు. చేపముల్లులో ముక్కల కొసలు ఈ నడిమి గీతకు ఇరువైపులా సమంగా రావాలి. మొదటి నాలుగైదు జతలు ఒక్క మిల్లీమీటరు తప్పినా, గది చివరకు చేరేసరికి తప్పు వేలెడు అవుతుంది. జిగురు పూయకముందు కొన్ని వరుసలు ఉత్తినే పేర్చి చూడడం పాత పనివారి అలవాటు.

అతికించడానికి నేడు ఎక్కువగా నీరు లేని పాలీయురిథేన్, సిలేన్ జిగురులను వాడుతున్నారు. నీరు కలిసిన జిగురు తానే చెక్కకు తేమ తెస్తుంది. పళ్ళు గల తాపీతో జిగురును సమంగా పరచి, ముక్కను నొక్కి, పక్క ముక్కకు తట్టి చేరుస్తారు. మేకులతో బిగించే పద్ధతిలో నాలుక మీద ఏటవాలుగా మేకు దింపుతారు, తరువాతి ముక్క గాడి దానిని కప్పివేస్తుంది. నొక్కి బిగించే అంచులు గల పొరల పార్కేను అతికించకుండా మెత్తని పొర మీద తేలియాడేటట్లు పరచవచ్చు. నడిచినప్పుడు కొంచెం బోలు శబ్దం రావడం దీని లోపం.

గోడల చుట్టూ 10 నుండి 15 మిల్లీమీటర్ల ఖాళీ విడవాలి. స్తంభాలు, గొట్టాలు, ద్వారబంధాల వద్ద కూడా ఇది అవసరం. ఖాళీని స్కర్టింగ్ కప్పుతుంది. స్కర్టింగ్‌ను గోడకు బిగించాలి గాని నేలకు బిగించకూడదు. పని ముగిసిన తరువాత ఖాళీలో మిగిలిన ఆపులను తీయడం మరచిపోవడం తరచుగా జరిగే తప్పు. ఒక్క ఆపు మిగిలినా ఆ వైపు నేల కదలలేదు. కింద వేడి గొట్టాలు ఉంటే నేల పైభాగపు ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్ మించకుండా చూడాలని చాలామంది తయారీదారులు చెబుతారు.

చదును, పైపూత

ముతక గరుకు కాగితంతో మొదలుపెట్టి 40, 60, 80, ఆపై 100 లేదా 120 అంకెల వరకు క్రమంగా పోవాలి. ఒక మెట్టు దాటవేస్తే ముతక గీతలు పూత వేసిన తరువాత కనిపిస్తాయి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. ముసుగు, పొడి పీల్చే యంత్రం తప్పనిసరి.

వార్నిష్ చెక్క మీద పొరగా నిలుస్తుంది. మరకలకు ఓర్చుకుంటుంది, కాని చెడినప్పుడు గది మొత్తం తిరిగి చేయవలసి రావచ్చు. నూనె చెక్క లోనికి ఇంకుతుంది. తరచుగా పూయవలసి వచ్చినా చెడిన చోట మాత్రమే బాగు చేసుకోవచ్చు. అవిసె నూనె వంటి ఆరే నూనెలు పూసిన గుడ్డలను కుప్పగా పడవేస్తే, గాలితో చర్య జరిగి వేడి పుట్టి, ఏ నిప్పూ తగలకుండానే అంటుకుంటాయి. వాటిని విడివిడిగా బయట ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచి మూత గల లోహపు డబ్బాలో వేయాలి. ఇది అతిశయోక్తి కాదు, ఈ కారణంగా ఇళ్ళు కాలిన సందర్భాలు ఉన్నాయి.

పాత ఇళ్ళలో పార్కే కింద నల్లని జిగురు కనిపిస్తే దానిని గీకకూడదు. జర్మనీ తదితర దేశాలలో గతంలో బొగ్గుతారు కలిసిన జిగురులు వాడారు. కొన్ని పాత నల్ల జిగురులలో ఆస్‌బెస్టాస్ కూడా ఉంటుంది. ముందుగా పరీక్ష చేయించాలి.

తెలుగు ప్రాంతాలలో, తెలుగువారి ఇళ్ళలో

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో నేలకు తాండూరు, బేతంచెర్ల, కడప రాళ్ళు ప్రసిద్ధం. చెక్కను మిద్దెల దూలాలకు, తలుపులకు, ద్వారబంధాలకు వాడినంతగా నేలకు వాడలేదు. ఇందుకు చెదలు ఒక కారణం, నేలను నీటితో కడిగే అలవాటు మరొక కారణం. నేల అంతస్తులో పార్కే వేయదలచినవారు చెద నివారణ చేయించి, గచ్చు మీద తేమ అడ్డుపొర వేయించకుండా పనిలోకి దిగడం మంచిది కాదు. గట్టిచెక్క పార్కే పరచడానికి భారతీయ ప్రమాణాల సంస్థ 1969లోనే ఐఎస్ 5389 అనే నియమావళిని వెలువరించింది. కలపలో ఉండదగిన తేమను గురించిన ఐఎస్ 287 దేశాన్ని గాలిలోని ఆర్ద్రతను బట్టి నాలుగు మండలాలుగా విభజించింది. కోస్తాలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి చెమ్మగా ఉంటుంది. కొన్ని నెలలు ఏసీ వేసి, తరువాత కిటికీలు తెరచి ఉంచే గదిలో చెక్క ఈ రెండు వాతావరణాల మధ్య నలుగుతుంది. ఇటువంటి గదులకు ఘన పార్కే కంటే పొరల పార్కే, లేదా బాగా ఆరిన టేకు చేవ తగినవి.

అమెరికా, ఐరోపాలకు వెళ్ళిన తెలుగువారిలో చాలామందికి చెక్క నేల అక్కడి ఇంటితోనే వస్తుంది. చలికాలంలో హీటర్ల వలన ఇంటి గాలి బాగా పొడిబారి బల్లల మధ్య సన్నని సందులు పడతాయి. వేసవిలో అవి మూసుకుంటాయి. ఇది లోపం కాదు. ఆ సందులను చలికాలంలో లప్పంతో నింపితే వేసవిలో బల్లలకు ఉబ్బడానికి చోటు ఉండదు. హీటరు నడిచే నెలలలో తేమ యంత్రం పెట్టి గది ఆర్ద్రతను 35 నుండి 50 శాతం మధ్య ఉంచితే సందులు తగ్గుతాయి. ఇక బకెట్టు నీటితో తుడిచే అలవాటును మాత్రం మానుకోవాలి. గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. నీరు ఒలికితే వెంటనే తీయాలి. ఆవిరితో తుడిచే యంత్రాలు సందులలోకి ఆవిరిని నెట్టుతాయి కనుక పార్కేకు పనికిరావు. గృహప్రవేశంలో పాలు పొంగించే చోట, పూజ మూలలో దీపపు నూనె పడే చోట నేల మీద పళ్ళెం లేదా రాతి పలక ఉంచుకోవడం తేలిక ఉపాయం. తులసి కుండీని నేరుగా చెక్క మీద పెట్టకూడదు. కుండీ అడుగున పట్టిన చెమ్మ ఓక్‌లోని టానిన్‌తో, ఇనుముతో కలిసి నల్లని మరక చేస్తుంది. అది పైపూతను దాటి చెక్కలోకి దిగిపోతే ఆ ముక్కను మార్చవలసి వస్తుంది.